వైకుంఠానికి రేటు కట్టిన కమిటీ

పత్రికలో పనిచేసినన్నాళ్లూ మున్సిపల్ బడ్జెట్ సమావేశాల్లో నిద్రపోకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. నాకు వచ్చిన విద్యల్లో రిటైరయ్యాక కూడా అక్కరకొచ్చింది అదొక్కటే. మా వార్డు వైకుంఠధామానికి రేట్లు నిర్ణయించే కమిటీ వేసినప్పుడు, అందులో ప్రజల తరఫున ఒక పెద్దమనిషి ఉండాలన్నారట. వార్డులో పెద్దమనుషులకు కొదవలేదు గానీ, సాయంత్రం నాలుగింటికి ఖాళీగా దొరికేది నేనొక్కణ్ణే. అలా నేను ప్రజలనయ్యాను.

వైకుంఠధామం అంటే శ్మశానమే. ఇదివరకు బొందలగడ్డ అనేవాళ్లం. ప్రహరీ కట్టి, గేటుకు రంగు వేసి, లోపల గడ్డి పెంచాక పేరు మారింది. పేరు మారాక ఖర్చు మొదలైంది. గడ్డికి నీళ్లు కావాలి, నీళ్లకు మోటారు కావాలి, మోటారుకు కరెంటు బిల్లు కట్టాలి, వీటన్నిటినీ చూసుకునే కాపలాదారుకు జీతం ఇవ్వాలి. కట్టడానికి డబ్బు మంజూరు చేసినవాళ్లు నడపడానికి మాత్రం పైసా ఇవ్వలేదు. ఏ సర్కారీ భవనమైనా ప్రారంభోత్సవం నాటి సాయంత్రం దాకా నిలబడితే చాలన్నది మనవాళ్ల అంచనా. శ్మశానానికీ అదే అంచనా వేశారు.

దాతలు లేకపోలేదు. బెంచీకొకరు, నల్లాకొకరు ముందుకొచ్చారు. ప్రతిదాని మీదా ఎవరో ఒకరి జ్ఞాపకార్థం అని రాసి ఉంటుంది. ఫ్యాన్లిచ్చిన వ్యాపారి రెక్కల మీద కూడా పేరు వేయించాడు. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు గనక స్విచ్ వేయొద్దని కాపలాదారుకు చెప్పి వెళ్లాడు. కరెంటు ఆదా అవుతుందని ఆఫీసరు కూడా సంతోషించాడు.

ఆ ఫ్యాన్లున్న హాలు దగ్గరే అసలు చిక్కు వచ్చింది. మా ఊళ్లో కిరాయికి ఉన్న మనిషి చనిపోతే, శవాన్ని ఇంటి గుమ్మం దాటనివ్వరు ఓనర్లు. చుట్టాలు వచ్చేదాకా రోడ్డు పక్కన టెంటు కింద పడుకోబెట్టుకోవాల్సిందే. నా ఉద్యోగ జీవితంలో ఇలాంటి వార్తలు చాలానే రాశాను. రాసినప్పుడల్లా శీర్షికలో మానవత్వం అనే మాట పడేది. ఓనర్లు ఆ వార్త చదివి, బాధపడి, చాయ్ తాగి, తర్వాత వచ్చిన కిరాయిదారుకు అదే షరతు పెట్టేవాళ్లు. ఈ గొడవ లేకుండా కిరాయిదార్ల శవాలను ఉంచుకోవడానికని వైకుంఠధామంలో ఒక హాలు కట్టారు. కట్టి తాళం వేశారు. ఎందుకంటే దానికి రేటు లేదు.

“ఊరికే ఇస్తే సరిపోదా?” అని మొదటి సమావేశంలోనే అడిగాను.

“ఊరికే ఇయ్యాలన్నా తీర్మానం కావాలె సార్. సున్నా కూడా రేటే గద,” అన్నాడు ఆఫీసరు. మంచివాడే. కాపలాదారుకు నెలల తరబడి జీతం రాలేదన్న బాధ నిజంగా ఉన్నవాడు. తీర్మానం లేకుండా మంచి చేయడం మాత్రం అతనికి అలవాటు లేదు.

సున్నాకు ఒప్పుకోనిది సేటు. మా గల్లీలో కిరాణా దుకాణం, దాని వెనక రెండంతస్తుల ఇల్లు ఆయనవే. పైన తాను ఉంటాడు, కింద పోర్షన్లు కిరాయికి ఇస్తాడు. వ్యాపారుల తరఫున కమిటీలో ఉన్నాడు.

“ఫ్రీ అంటే విలువుండది సార్. వారం రోజులు ఉంచుతరు,” అన్నాడు.

“శవాన్ని వారం రోజులు ఎట్ల ఉంచుతరు సేటూ?” అన్నాను.

“శవం కాదు సార్, చుట్టాలు. నీళ్లున్నయి, బాత్రూమున్నది. లాడ్జి లెక్క చేసుకుంటరు.”

ఆఫీసరుకు లాడ్జి అన్న మాట నచ్చింది. ఇరవైనాలుగు గంటల చెకౌట్ అని రాసుకున్నాడు. ఆ తర్వాత ఊళ్లోవాళ్లకు ఒక రేటు, మండలాల నుంచి వచ్చినవాళ్లకు ఒక రేటు అన్నారు. రుజువుకు ఆధార్ కార్డు చూపించాలన్నారు. “ఎవలది? పోయినాయనదా, తీస్కొచ్చినాయనదా?” అని సేటు అడిగాడు. ఆ ప్రశ్నతో ఒక సమావేశం పూర్తిగా గడిచిపోయింది. ఇంకోసారి ఆఫీసరు సీనియర్ సిటిజన్లకు సగం రాయితీ ప్రతిపాదించాడు. అందరం చాలా బాగుందన్నాం. సమోసాలు తినేటప్పుడు అతనికే అనుమానం వచ్చింది. “సార్, వచ్చేటోళ్లంత వాళ్లే గద,” అని రాసింది కొట్టేశాడు.

ఇవన్నీ నాకు నవ్వులాటగానే ఉండేవి. నా ఇల్లు సొంతిల్లు. ఆ హాలుతో నాకు పని పడదు.

పని పడేది సేటు ఇంటి కింది పోర్షన్‌లో ఉన్న ఆడమనిషికి. ఆమె మా వీధి చివర కర్రీ పాయింట్లో రొట్టెలు చేస్తుంది. భర్త కేసముద్రం మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. పత్తి దుమ్ము, మిర్చి ఘాటు తిని తిని ఊపిరితిత్తులు పాడయ్యాక పని మానేశాడు. దవాఖానకు దగ్గరగా ఉంటుందని ఇద్దరూ వరంగల్ వచ్చేశారు. ఒక్కతే బిడ్డ. డోర్నకల్‌లో ఇచ్చారు.

ఆయన పరిస్థితి విషమించి దవాఖానలో చేర్చిన రోజు నుంచి సేటుకు పల్లెటూళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. సాయంత్రం దుకాణం ముందు ఆమెను ఆపి చెబుతుంటే విన్నాను.

“ఊరికి తీస్కపో అమ్మా. మీ నెక్కొండ దిక్కు గాలి మంచిగుంటది. పానం తేటవడ్తది.”

“ఊర్ల ఏమున్నది సేటూ? ఇల్లు కూలె. ఆయన అన్నదమ్ములు, పాలోళ్లు మాట్లాడరాయె.”

“అట్లంటె ఎట్ల? రేపు ఏమన్న అయితే...” అని సేటు ఆగిపోయాడు.

“అయితే ఏంది? చెప్పు.”

“నేను చెప్తలేను. లోకం సంగతి నీకెరికే గద.”

లోకం సంగతి ఆమెకు తెలుసు. మర్నాడు నా దగ్గరకు వచ్చింది. గేటు బయటే నిలబడి అడిగింది.

“సారూ, ఆ హాలు తాళం ఎప్పుడు తీస్తరు?”

“రేటు తేలాలమ్మా.”

“ఎప్పుడు తేలుతది?”

“ఇంకో మీటింగున్నది.”

“ఆయన ఆగుతడా సారూ మీ మీటింగు దాంక?” అంది. గొంతులో కోపం లేదు, కంట్లో నీళ్లు లేవు. బస్సు వేళ అడిగినట్టే అడిగింది. “నాకు పెద్ద ఆశల్లేవు. బిడ్డ అచ్చి మొఖం జూసేదాంక ఆయన రోడ్డుమీద పండొద్దు. గంతే.”

ఆయన ఆగలేదు. ఒకరోజు పొద్దున దవాఖానలోనే ప్రాణం పోయింది. నేను పేపరు చదువుతుండగా అంబులెన్సు వచ్చి సేటు గేటు ముందు నిలబడింది. అప్పటికే సేటు గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. కబురు అంబులెన్సు కంటే ముందే వచ్చి ఉండాలి.

“ఈడ ఎందుకాపినవ్? సీదా వైకుంఠధామానికి పో,” అన్నాడు డ్రైవరుతో.

ఆమె దిగింది. “బిడ్డ రైలెక్కింది సేటూ. అస్తాంది. జరంతసేపు.”

“ఆ పిల్లను సీదా ఆడికే రమ్మను. స్టేషన్ల ఆటోలుంటయి గద.”

గల్లీ అంతా గుమిగూడింది. అందరి చూపూ నా మీద పడింది, కమిటీలో ఉన్నాను గనక. నేను పక్కకు జరిగి ఆఫీసరుకు ఫోన్ చేశాను. హాలు తెరిపించమన్నాను.

“సార్, రేటు ఫిక్స్ కాకుండా తాళం తీస్తే ఆడిట్ల దొరుకుతం. మీకు తెలవంది కాదు,” అన్నాడు.

ఆడిట్ అంటున్నాడని నేను గట్టిగా చెప్పగానే సేటు తన ఫోన్ తీశాడు. ఆయనకు చెవి కొంచెం మందం. ఎవరితో మాట్లాడినా స్పీకరు పెట్టే మాట్లాడతాడు. “ఆడిట్ లేదు గీడిట్ లేదు. కమిటీ మెంబర్ను నేను చెప్తాన. తాళం తీయిండ్లి, ఫ్యాన్లు వెయిండ్లి. చార్జీ ఏం లేదు, ఫ్రీ!” అని అరిచాడు. అవతల ఆఫీసరు రెండుసార్లు నసిగి, కాపలాదారును పంపిస్తానన్నాడు. ఇన్ని సమావేశాల్లో ఒప్పుకోని సున్నా, సేటు గడప మీదికి వచ్చేసరికి ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

“చూసినవా అమ్మా, ఫ్రీగ చేపిచ్చిన. పొండ్లిగ,” అన్నాడు సంతోషంగా.

ఆమె అంబులెన్సు మెట్టు మీద కూర్చుంది. “హాలుకు వద్దు,” అంది.

“ఏంది?”

“ఇంటికి రానియ్యరనుకొని హాలు అడిగిన. ఇప్పుడు ఇంటి ముందటికి అచ్చినం. ఈ నెల కిరాయి కట్టిన. నెలాఖరు దాంక ఆ తలుపు నాది.”

“కిరాయి వాపస్ ఇస్త. ఇప్పుడే ఇస్త.”

“ఇయ్యి. ఆయనను వరండల పండవెట్టినంక ఇయ్యి.”

జనంలో ఎవరో నవ్వి, నవ్వకూడదని గుర్తొచ్చి దగ్గారు.  ఇక సేటు శాస్త్రం తీశాడు. “నక్షత్రం మంచిది కాదమ్మా. ఇల్లు తాళమేసి ఆర్నెల్లు పాడువెట్టాలె. పైన నేనుంటాన, పిల్లలు గలోణ్ణి.”

“పంతులును అడుగు. అడిగినంకనే చెప్పు.”

సేటు తన పంతులుకు ఫోన్ కలిపాడు. మామూలుగానే స్పీకరు పెట్టాడు. పంతులు కాసేపు ఏదో గొణుక్కుని లెక్క చూశాడు. “నక్షత్రం మంచిది కాదు సేటూ. ఇల్లు విడవాల్సిందే,” అన్నాడు. సేటు చుట్టూ చూశాడు, పరీక్షలో గెలిచినవాడిలా.

“ఇంతకూ ఇంట్ల ప్రాణం ఏ అర్రల పోయింది?” అన్నాడు పంతులు.

“అర్రల కాదు పంతులూ. దవాఖానల.”

“మరి నన్నెందుకు అడుగుతున్నవ్? దోషం ప్రాణం పోయిన కాడ. విడిస్తే దవాఖాన విడవాలె. నీ ఇంటికేమైంది?”

సేటు ఫోన్ ఆపేశాడు గానీ, గల్లీ మొత్తం వినేసింది. దవాఖానను ఆర్నెల్లు ఎవరు పాడుపెడతారని వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు. శాస్త్రం చేతులెత్తేసిందని తెలిశాక సేటు గొంతు తగ్గించాడు. అసలు మాట అప్పుడు బయటపడింది.

“రేపు ఈ పోర్షన్‌కు కిరాయికి ఎవలొస్తరమ్మా?”

ఆమె తలెత్తి చూసింది. 

“ఎవలొచ్చుడేంది సేటూ? నేనుంట గద. నేనేడికి వోత?”

భర్త పోతే ఆమె కూడా పోతుందని సేటు ఎప్పుడో లెక్క కట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే గల్లీలో మేమంతా అలాగే అనుకున్నాం. సేటు గేటు ఒక రెక్క తెరిచాడు. ఒక్క రెక్కలోంచి స్ట్రెచర్ పట్టదని డ్రైవరు చెబితే రెండోది కూడా తెరిచాడు.

వరండాలో పడుకోబెట్టారు. కర్రీ పాయింట్లో పనిచేసే ఆడవాళ్లు వచ్చారు. బిడ్డ కేసముద్రం దాటిందని ఒక ఫోన్, నెక్కొండలో రైలు ఆగిందని ఇంకో ఫోన్ వచ్చాయి. ఆమె ప్రతిసారీ భర్త చెవి దగ్గరికి వంగి ఆ కబురు చెప్పింది. సేటు మెట్ల మీద కూర్చుని, పైకి పోలేక, కిందికి రాలేక, అంతా చూశాడు. బిడ్డ ఆటో దిగి పరుగెత్తుకొచ్చి తండ్రి మొహం రెండు చేతులతో పట్టుకున్నప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకు కూడా తెలియదనుకుంటాను.

వైకుంఠధామంలో బొంద తవ్వినందుకు రశీదు ఇచ్చారు. దానికి రేటు ఎప్పుడో తేలింది. హాలు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, దాత పేరు కనబడకుండా. లోపల ఒక్కరూ లేరు. ఆఫీసరు గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

“సార్, వాళ్లను జరసేపు లోపల కూర్చోమనండి. ఓపెనింగ్ అయినట్టు ఒక ఫొటో తీస్త,” అన్నాడు నాతో.

నేనే వెళ్లి ఆమెకు చెప్పాను. “వద్దు సారూ. ఇంటికి వోవాలె. ఆయనను పండవెట్టిన కాడ దీపం వెట్టాలె,” అని బిడ్డ చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. ఆఫీసరు ఖాళీ హాలునే ఫొటో తీసుకున్నాడు.

సాయంత్రం నేను వెళ్లేసరికి వరండాలో నేల కడిగి, ఒక మూల ప్రమిద పెట్టారు. పదకొండు రోజులు అది ఆరకూడదు. సేటు దుకాణంలోంచి నూనె ప్యాకెట్ పట్టుకుని తానే వచ్చి గడప మీద పెట్టాడు.

“ఎంత సేటూ?” అని అడిగింది ఆమె, కొంగు ముడి విప్పుతూ.

శ్మశానంలో గంటకెంతో, చెకౌట్‌కెంతో, బయటి మండలాలకెంతో తడుముకోకుండా చెప్పిన మనిషి. దీపం వైపు చూసి, “మల్ల చూద్దాం తియ్యమ్మా,” అనేసి మెట్లెక్కాడు. మా కమిటీలో ఇప్పటికీ తేలింది కూడా అంతవరకే.