మేస్త్రీ చెవి, నా మీటరు

ప్రత్తిపాడులో ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. ఆ మేస్త్రీ పొగ గొట్టం దగ్గర చెవి పెట్టి ఓ నిమిషం వింటే చాలు, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పేసేవాడు. కార్బురేటర్ స్క్రూ పావు తిప్పు తిప్పేవాడు, అంతే, బండి దారికొచ్చేది. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరమంతా నేను ఆ షెడ్డులోనే పడి ఉండేవాణ్ణి. టీ కూడా ఆయనే తాగించేవాడు.

నా ప్రాజెక్టు ఏమిటనుకున్నారు? ఆయన చెవి చేసే పని చేసే మీటరు. పొగ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ పెడితే, గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో కాలుతున్నాయో అంకె చూపించాలి. పద్నాలుగు పాయింట్ ఏడు వస్తే భేషుగ్గా ఉన్నట్టు. సెన్సర్ చేతికి రాకముందు, డిస్‌ప్లే పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక దొంగ ప్రోగ్రాం రాసుకున్నాను. అది సెన్సర్ వంక కన్నెత్తి చూడదు. పద్నాలుగు పాయింట్ ఆరు, ఏడు, ఎనిమిది, మళ్లీ ఏడు అని తిప్పుతూనే ఉంటుంది.

వైవా రోజు పొద్దున చివరి మార్పులు చేసి మీటరు చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించాను. అసలు ఫైలూ దొంగ ఫైలూ పక్కపక్కనే ఉన్నాయి, పేర్లు దాదాపు ఒకటే. కంగారులో సరిచూసుకోలేదు.

మేస్త్రీ తన పాత వ్యాన్ కాలేజీకి తీసుకొచ్చాడు. ఆదివారం చర్చికి వేసుకునే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు పాపం. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు ఇంజను స్టార్ట్ చేసి, అలవాటుకొద్దీ చెవి పెట్టాడు.

"పెట్రోలు చాలట్లేదు బాబూ. పొడిదగ్గు దగ్గుతోంది. పావు తిప్పు వదులు చేద్దామా?"

మీటరు పద్నాలుగు పాయింట్ ఏడు చూపించింది. ఎగ్జామినర్ నవ్వి, "ఇదయ్యా సైన్సంటే. ఇంకా చెవులు పట్టుకుని వేలాడితే ఎలా?" అన్నాడు.

ఆరు. ఏడు. ఎనిమిది. మళ్లీ ఏడు. మేస్త్రీ యాక్సిలరేటర్ తొక్కినా అదే వరస. ఎక్కించింది దొంగ ఫైలు! నోరు తెరిస్తే ప్రాజెక్టు పోతుంది. అప్పుడు నేనేమన్నానో తెలుసా?

"మీ చెవికి వయసొచ్చింది మేస్త్రీ."

ఛీ, ఏం నోరది! అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, చెవి తుడుచుకుంటూ. స్క్రూ ముట్టుకోలేదు.

నాకు మంచి మార్కులే వచ్చాయి. మొహం చెల్లక రెండు నెలలు అటు పోలేదు. ఆ తర్వాత అసలు ఫైలు ఎక్కించుకుని, నిజం చెప్పేద్దామని మీటరు పట్టుకెళ్లాను. షెడ్డులో ఆయన వ్యాన్ ఇంజను విప్పి ఉంది.

"వాల్వు కాలిపోయింది బాబూ. పెట్రోలు చాలకపోతే ఇలా కాలుతుంది. కానీ సరిపోతోందని మీటరు చెప్పిందిగా, ఇంకేదో అయ్యుంటుంది" అన్నాడు. తర్వాత పక్కనున్న పాత కారు చూపించి, "దీన్ని నువ్వే చూసిపెట్టు. నేను చెవి పెట్టడం మానేశాను" అన్నాడు.

బలవంతపెట్టి వినమన్నాను. బెరుగ్గా విని, "ఎక్కువైనట్టుంది... ఏమో బాబూ" అన్నాడు. మీటరు పెట్టి చూశాను. ఎక్కువే.

నిజం గొంతు దాకా వచ్చింది. బయటికి మాత్రం, "ఈసారి మీ చెవే కరెక్ట్ మేస్త్రీ" అన్నాను.

ఈసారి!

ఆయన మొహం వెలిగిపోయింది. "నిజంగానా?" అని రెండుసార్లు అడిగాడు. పక్కకొట్టు వాణ్ణి కేకేసి, "ఒరేయ్, మీటరు కూడా నేను చెప్పిందే చెప్పిందిరా!" అన్నాడు. నాకు టీ తెప్పించాడు. ఆ టీ తాగి వచ్చేశాను.