ఇరుగింటి గిన్నెలు

పెదనందిపాడు దగ్గర ఓ మిరప రైతు కూతురు వెంకటరావమ్మ. బేరమాడటంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. 2002లో భర్త వీరాంజనేయులికి టాంజానియాలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు పని దొరికితే, కూతురు రమ్యనీ, పచ్చళ్ల జాడీలనీ, పుట్టింటి ఎండుమిర్చి సంచినీ వెంటబెట్టుకుని తనూ విమానమెక్కింది.

అక్కడి జనం మంచితనంతో ఆమెకు ఊపిరాడలేదు. దారినపోయేవాడు కూడా ఆగి ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగేవాడు. మామా అంటే వాళ్ల భాషలో అమ్మ. తల్లిని పిల్ల పేరుతో పిలవడం వాళ్ల వాడుక కనుక, ఈమె వారం తిరక్కుండానే మామా రమ్య అయిపోయింది. పక్కింటి మామా నీమా అయితే చిక్కుడు గింజల కూరో, కొబ్బరిపాల అన్నమో గిన్నెలో పట్టుకొచ్చేది.

వచ్చిన చిక్కల్లా ఆ గిన్నెలతోనే. ఇరుగింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం వెంకటరావమ్మ పుట్టింట్లో లేదు, మెట్టినింట్లోనూ లేదు. గోంగూర పచ్చడి పెట్టి పంపింది, కారప్పొడి పెట్టి పంపింది. కొన్నాళ్లకు జాడీలు అడుగంటాయి. మిర్చి సంచిలో గింజలే మిగిలితే పెరట్లో నారు పోసింది. ఆ తర్వాత వచ్చిన గిన్నెలన్నీ కడిగి వంటింట్లో బోర్లిస్తూ పోయింది.

ఓ ఉదయం మామా నీమా గుమ్మంలో నిలబడింది. మొహాన నవ్వు లేదు.

"మా ఇంట్లో గిన్నెల్లేవు. నా వంట నచ్చకపోతే చెప్పకూడదా?"

మిల్లులో ఆ భాష నేర్చిన వీరాంజనేయులు తెలుగులో చెప్పేసరికి వెంకటరావమ్మకు తల కొట్టేసినట్టయింది. పరాయి దేశంలో గిన్నెలు దాచుకున్న మనిషని పేరు పడితే ఇంకేముంది!

"ఖాళీ గిన్నె ఇవ్వడం మాకు మర్యాద కాదని చెప్పవయ్యా! పెట్టడానికేం లేక ఆగానని చెప్పు!" అని మొగుడి మీద అరిచి పెరట్లోకి పరుగెత్తింది. జానెడెత్తు నారును మట్టితో సహా పెకలించి, గిన్నెలన్నీ నింపి తెచ్చింది. మామా నీమా గిన్నెల వంకా ఆమె వంకా చూసి, పగలబడి నవ్వి వాటేసుకుంది. ఆ సాయంత్రం ఇద్దరూ పక్కింటి పెరట్లో నారు నాటారు. సాలు వంకర పోయిందని వెంకటరావమ్మ తెలుగులో కేకలేస్తే ఆవిడకు బాగానే అర్థమైంది.

ఆ మొక్కల గింజలు ఇల్లిల్లూ తిరిగాయి, ఊరు దాటాయి. మూడేళ్ల తర్వాత మొగుడితో వెళ్లిన దూరపు సంతలో ఎర్రటి కాయల కుప్ప కనిపిస్తే వెంకటరావమ్మ ఒకటి విరిచి వాసన చూసింది. సందేహం లేదు, పుట్టింటి కాయే. అప్పటికి ఆ భాష ఆమెకూ వచ్చింది. ఇదేం రకమని అడిగింది.

"మామా రమ్య," అంది అమ్మే ఆవిడ, ఎదురుగా ఉన్నదెవరో తెలియక. "మా వైపు ఘాటంటే ఇదే."

వెంకటరావమ్మ గర్వంతో ఉప్పొంగిపోయింది. కళ్లు తుడుచుకుని, సంచి నిండా కాయలు పోయించుకుని, చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చేసింది.

వీరాంజనేయులు నోరు తెరిచాడు. "అదేంటే, కొత్తిమీర కట్టక్కూడా గంట బేరమాడేదానివి, ఒక్క మాట అన్లేదే?"

"ఊరుకోవయ్యా," అంది సంచి భుజానేసుకుంటూ. "మా నాన్న కాయకి నేనే ధర దించాలా?"