పెద్దమ్మకు ఇంగ్లీషు మాట

2003, ఈస్టర్ ముందు రోజులు. ఖమ్మంలో భద్రాచలం వైపు వెళ్ళే రోడ్డు మీద నాకు సమాధి రాళ్ళు చెక్కే దుకాణం ఉంది. ఈస్టర్ తెల్లవారుజామున క్రైస్తవులు సమాధుల దగ్గర ప్రార్థన చేసుకుంటారు. అందుకే మిగతా ఏడాదంతా ఈగలు తోలుకున్నా, ఆ నెలలో మాత్రం నాకు ఊపిరి సలపదు. ప్రతివాళ్ళకూ రాయి ఆ రోజుకే నిలబడాలి. ప్రతివాళ్ళూ చివరి నిమిషంలోనే వస్తారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది అక్కడే.

ఈ పనిలో లెటరింగ్, అంటే అక్షరాలు చెక్కడం, అన్నిటికన్నా కష్టం. స్టెన్సిల్ అని అక్షరాలు కత్తిరించిన రేకు ఉంటుంది. దాన్ని రాయి మీద పెట్టి గీసుకుని, ఆ గీత వెంట ఉలి నడపాలి. ఒక్క మాట తప్పు పడిందా, రాయి ముఖమంతా అరగదీసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. అందుకే ఉలి పట్టేముందు, "ఇంకోసారి ఇంట్ల అడిగి రాండ్రి" అని ఎవరినైనా సరే వెనక్కి పంపుతాను.

ఏసురత్నం వచ్చింది ఆ రద్దీలోనే. భద్రాచలం బస్సుల్లో కండక్టరు. ఊరు కారేపల్లి అవతల, అడవి అంచున. చనిపోయింది వాళ్ళ పెద్దమ్మ మార్తమ్మ, కన్నతల్లికి సొంత అక్క. ఇతన్ని పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ పెంచింది ఆమే.

"పేరు తెలుగులనే చెక్కన్నా. కింద, నాకామె ఏమైతదో అది మాత్రం ఇంగ్లీషుల ఉండాలె" అన్నాడు.

"ఏం, మీ పెద్దమ్మ ఇంగ్లీషు చదివిందా?"

"సంతకం గూడ రాదు. మా ఊరి సమాధుల తోటల పాత తెల్ల దొరసాన్ల రాళ్ళున్నయ్, అన్నీ ఇంగ్లీషుల. ఎన్నో ఏండ్లు వాటి చుట్టూ ఊడ్చింది. 'నా రాయి మీద గూడ ఒక్క ఇంగ్లీషు ముక్క రాపియ్యరా కొడుకా' అన్నది. బతుకంతల నన్ను అడిగింది గదొక్కటే."

"గంతేనా! ఆంట్ అని చెక్కుత. నాలుగే అక్షరాలు. జల్దీ అయిపోతది."

అతను ముఖం మాడ్చుకున్నాడు. "బస్సెక్కే ప్రతి ఆడామెను నేను ఆంటీ అంటనన్నా. జర ముందుకు జరగండి ఆంటీ, చిల్లర తియ్యండి ఆంటీ. గా మాట మా పెద్దమ్మకా?"

నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు. సరేనని సొరుగులోంచి డిక్షనరీ తీశాను. ఫాస్టర్ మదర్ అని ఉంది.

"అంటే ఏంది?"

"కనకున్నా, పరాయి పిల్లను తెచ్చుకొని సాదినామె."

"నేను పరాయోణ్ణా అన్నా? ఒక్క రక్తం మాది."

గార్డియన్ అన్నాను. అది హాస్టల్లో సంతకం పెట్టేవాళ్ళ మాట అన్నాడు. స్టెప్ మదర్ అని నోటిదాకా వచ్చింది గానీ, సవతి తల్లి అని గుర్తొచ్చి మింగేశాను. నా సహనం అక్కడికి అయిపోయింది. మేనత్త, పిన్ని, పెద్దమ్మ, మేనమామ భార్య, అందరినీ ఒక్క ఆంట్ మూటలో కట్టేసిన ఇంగ్లీషువాళ్ళ మీద కోపం ఈ అమాయకుడి మీద తీర్చుకున్నాను.

"వాళ్ళకు పెద్దమ్మ లేకపోతే నేనేడికెల్లి తేవాలయ్యా? మదర్ అనే చెక్కుత, పోతది."

అతను గొంతు తగ్గించాడు. "మా అమ్మ బతికే ఉందన్నా. ఆమె ఉండంగ ఇంకొకామె రాయి మీద అమ్మ అని ఎట్ల రాపియ్యాలె? ఈస్టర్ నాడు ఊరంత చూస్తది. కన్నతల్లి మొకం ఏడ పెట్టుకుంటది?"

అప్పుడు అర్థమైంది నాకు, ఇతను ఎక్కడ ఇరుక్కున్నాడో. చిన్న మాట పెడితే పోయినామె తక్కువవుతుంది. పెద్ద మాట పెడితే ఉన్నామె గుండె పగులుతుంది. "మీ అమ్మనే అడిగి రా. అప్పటిదాక ఉలి పట్ట" అన్నాను. ఆ మాటకే భయపడిపోయాడు పాపం.

రెండ్రోజులకు తల్లి మరియమ్మే వచ్చింది. కొడుకు ఆమె వెనకాల నిలబడ్డాడు. స్టూలు వేస్తే వద్దని, మార్తమ్మ రాయి పక్కనే గోనెసంచి మీద కూర్చుంది.

"ఏందయ్యా, మా అక్కకు మాట దొరుకుతలేదంట?"

నేను నసుగుతూ సంగతి చెప్పాను. ఆమె రాయి మీద దుమ్ము తుడుస్తూ విన్నది.

"వీడు పుట్టినంక నాకు పానం బాగలేక మంచం పట్టిన. బతుకుతననుకోలే. మా అక్కకు పిల్లల్లేరు. వీణ్ణి ఎత్తుకపోయి మేకపాలు పోసి సాదింది. అడవిల బీడీల తునికాకు తెంపబోయినా ఈపుకు కట్టుకొనే పోయేది. నేను లేచి తిరిగేసరికి వీడు దాన్నే అమ్మా అంటుండె. నన్ను చూస్తే దాని చాటుకు పోతుండె."

ఏసురత్నం తలెత్తి తల్లిని చూశాడు. ఈ సంగతి అతనికి తెలియదు.

"గప్పుడు మా అక్కే వీనికి నేర్పింది. 'నన్ను పెద్దమ్మ అనాలె, గామెను అమ్మ అనాలె' అని. అమ్మా అని పిలిస్తే పలికేది కాదు. వీడు ఏడ్చేటోడు. అది పెరట్లకు పోయి ఏడ్చేది. నేను చూసిన. నా పిలుపు నాకు తెచ్చి ఇచ్చింది. బతికినన్నాళ్ళు మళ్ళ అడగలే. ఇంగ్లీషుల అమ్మను ఏమంటరు?"

"మదర్."

"గదే చెక్కు."

"అమ్మా, ఊరోళ్ళు ఏమన్న..." అని కొడుకు నసిగాడు.

"ఊరోళ్ళు సాదిండ్రార నిన్ను?" అని గద్దించింది. అతను ఆమె పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. చెప్పొద్దూ, నాకూ ఏడుపొచ్చింది. రాళ్ళతో పని చేసేవాడికి అంత సులువుగా రాదది.

ఈస్టర్ ముందు రోజే వాళ్ళ ఊరి సమాధుల తోటలో రాయి నిలబెట్టాం. మరియమ్మ ఆ మాట ఎక్కడుందో చూపించమని అడిగి, అక్షరాల గాడుల్లో వేలు పెట్టి చివరిదాకా తడిమింది.

"నేను పోయినంక నాకేం చెక్కుతవయ్యా?"

"అయ్యో, గవేం మాటలమ్మా!"

"చెప్తే తప్పేముంది? నాకు గూడ గదే. పెద్దగ వద్దు, చిన్నగ వద్దు. గింతే ఉండాలె."

అప్పటి నుంచి ఇంగ్లీషు మాట కావాలని ఎవరు వచ్చినా డిక్షనరీ తర్వాత తీస్తున్నాను. ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారని ముందు అడుగుతున్నాను. ఆ రోజు నేను పుస్తకంలో వెతికిన మాట నాకు తెలియనిదేం కాదు. ఒకటో తరగతి పిల్లలకూ వచ్చు. కాకపోతే దాన్ని ఇవ్వగలిగిన మనిషి ఒక్కతే ఉంది. ఆమెను అడగడానికే మేమిద్దరం జంకాం.

కొన్నేళ్ళకు ఏసురత్నం మళ్ళీ దుకాణానికి వచ్చాడు. మనిషి వాలకం చూడగానే తెలిసిపోయింది. ఏం చెక్కాలని నేను అడగలేదు. గోడకు తగిలించిన రేకుల్లోంచి అప్పటి మదర్ రేకు తీసి చూపించాను.

"అవ్ అన్నా, గదే" అన్నాడు.

అక్కాచెల్లెళ్ళ రాళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి మీదా అదే మాట, అదే సైజు.