వెనకవాళ్ల చెయ్యి

ఆసుపత్రిలో టోకెన్ గంట ‘టింగ్’మంటే ఇప్పటికీ నా చూపు వెనక్కే పోతుంది. పిలుపు అందుకున్న మనిషిని చూడను, చివరి కుర్చీల వైపు చూస్తాను. ఈ జబ్బు నాకు అంటించింది జరీనా మేడం. రాయచూరులో నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పి, ఉద్యోగమిచ్చిన మనిషి.

మాది బట్టల కొట్టు. పెళ్లి బట్టలకొచ్చిన కుటుంబాన్ని గుంపుగా ముందుకు తోసేస్తే, అప్పటిదాకా నిలబడ్డవాళ్లు గొణుక్కుంటూనైనా అక్కడే ఉంటారు. అలా పెరిగినవాణ్ని కాబట్టి ప్రోగ్రాములో వరుసను దాచే లింక్డ్ లిస్టులోనూ అంతేననుకున్నాను. ఆ వరుసలో ఒక్కొక్కరికి తన తర్వాత ఎవరన్నదే తెలుసు. మధ్యలో చెయ్యి విడిపోతే వెనకున్నవాళ్ల ఆచూకీ ఇక ఎవరికీ ఉండదు.

అది నా బుర్రకెక్కించడానికి మేడం ఆఫీసులో అందరినీ చేతులు పట్టించి వరుసగా నిలబెట్టారు. మధ్యలో ఇంకో ముగ్గుర్ని చేర్చమన్నారు. నేను దర్జాగా ముందువాడి చెయ్యి విడిపించి కొత్తవాళ్లకు అందించాను. మేడం సైగ చేశారు. వెనకవాళ్లంతా బయటికి నడిచారు.

“ఏరి మిగతోళ్లు?”

“చాయ్‌కి పోయిండ్రు మేడం. వస్తరు తియ్యండి.”

“రారు. వాళ్లు పోలే, నువ్వే ఇడ్సినవ్. గుంపుల ఆఖరోడు వెనకోళ్లను పట్టుకున్నంకనే ముందలోని చెయ్యి ఇప్పాలె. సమజైందా, సేటూ?”

తర్వాత కొన్నాళ్లకు, మా టోకెన్ ప్రోగ్రాము నడుస్తున్న ఆసుపత్రికి హట్టి నుంచి వచ్చే బస్సు బోల్తాపడి దెబ్బలు తగిలినవాళ్లు ఒక్కసారిగా వచ్చారు. ఆసుపత్రి కంప్యూటర్ ముందు కూర్చున్న నేను ఎక్స్‌రే వరుస మధ్యలో వాళ్లందరినీ చేర్చాలి. ఆ వరుస మెషిన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. పొద్దుటి నుంచి కూర్చున్నవాళ్లంతా నా చేతి కిందున్నారు.

“ఈ వరుస అయిపోయినంక చేద్దాం మేడం,” బేరం పెట్టాను.

“నొప్పి ఆగుతదా? భయమైతుందా? కానియ్. భయపడుకుంటనే రాయి.”

ఆమె నా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. కుర్చీ వణుకుతోంది. నా వణుకేననుకున్నాను. ముందుగా, గుంపులో ఆఖరివాణ్ని వెనక వరుసకు కలిపాను. తర్వాతే ముందువాణ్ని గుంపులో మొదటివాడికి కలిపాను.

దెబ్బలు తగిలినవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. ఆఖరివాడు వెళ్లాక గంట మోగాలి. మోగలేదు. రాసింది మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను. అప్పుడు, టింగ్. ముదగల్ నుంచి వచ్చి పొద్దుటి నుంచి కూర్చున్న ముసలాయన కర్ర ఊతంతో లేచాడు. ఆయన వెనక ఇంకొకరు. చాలాసేపటికి చివరి కుర్చీలోంచి ఒక ముసలమ్మ లేవబోతే మేడం పరుగెత్తి చెయ్యి అందించారు.

“మా అమ్మీ,” అన్నారు నాతో.

“ముందే చెప్పొద్దా మేడం!”

“చెప్తే నీ చేతులు ఆడుతుండెనా?”

కుర్చీని వణికించింది ఎవరో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మేడం లేరు. కొత్తగా చేరినవాళ్లను నేనూ చేతులు పట్టించి నిలబెడతాను. కూరగాయల దగ్గర నుంచి జీతం దాకా అన్నిటికీ బేరమాడే నేను, వెనకవాళ్ల చెయ్యి అందిందని చూసుకోకుండా ముందు చెయ్యి మాత్రం విప్పను. ఆ క్షణంలో నా కుర్చీ వీపును ఎవరో పట్టుకున్నట్టే ఉంటుంది.