ఓబులేసు కారుకు మూడు వాటర్ పంపులు

ఇది రెండు సామ్రాజ్యాల మధ్య జరిగిన మహాసంగ్రామం. ఒక పక్క కంపెనీ, ఇంకో పక్క బజారు. మధ్యలో, ఆళ్లగడ్డ దాటాక రోడ్డు పక్కన పొగలు కక్కుతూ నిలబడిన ఒక రథం. చదివితే మీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అని మొదలుపెట్టాను గానీ, అంత లేదు. ఇది ఒక పాత డీజిల్ కారుకు వాటర్ పంపు మార్చిన కథ. ఆ పొగ కూడా పొగ కాదు, ఆవిరి.

నంద్యాల జిల్లా కేంద్రమైన ఏడాది నేను ఆ ఊళ్లోనే ఒక కార్ల షోరూము వెనక ఉన్న వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజరుగా ఉండేవాణ్ణి. ముప్పై ఒకటో ఏటనే ఆ వృత్తి నుంచి విరమించాను. శాలువా కప్పలేదు, ఐడీ కార్డు మాత్రం గుర్తుపెట్టుకుని వెనక్కి తీసుకున్నారు. సర్వీస్ అడ్వైజరంటే కారు బాగుచేసేవాడు కాదు. కారు జబ్బేమిటో యజమాని నోట విని, జాబ్ కార్డు అనే కాగితం మీద రాసి, లోపల పనిచేసేవాళ్లకు అందించేవాడు. వాళ్ల చేతులకు గ్రీజు, మా మెడకు టై. నా పైన ఫ్లోర్ ఇన్‌చార్జి, ఆయన పైన వర్క్స్ మేనేజరు. ఎవరి కిందా లేనట్టు తిరిగేది పార్ట్స్ మేనేజరు, ఎందుకంటే తాళాలు ఆయన దగ్గర ఉండేవి.

ఓబులేసుది ఆళ్లగడ్డ. పదహారేళ్ల వయసున్న కారు. రోజూ పొద్దున నలుగురు టీచర్లను నల్లమల పక్కనున్న ఒక ఊరి బడికి దించి, సాయంత్రం తీసుకొచ్చేవాడు. ఇంటికి ఆ బాడుగే ఆధారం. ఆ టీచర్లు తొమ్మిదిలోపు బడిలో నిలబడి ఫోనుకు ముఖం చూపించాలి, లేకపోతే హాజరు పడదు. కారుకు ఈ సంగతి తెలియదు. వారానికోసారి దారిలో వేడెక్కి ఆగేది. టీచర్లు రోడ్డు మీద కొంగులు కప్పుకొని, దేశ భవిష్యత్తును చేతుల్లో పెట్టుకొని నిలబడేవారు.

మా దగ్గరికి తెచ్చినప్పుడు పంపు కారుతోంది. ఇంజనులో నీళ్లను తిప్పేది అదే, అది పోతే మిగతాదంతా ఉడికిపోతుంది. అంతకుముందే ఆళ్లగడ్డలో మస్తాను అనే మెకానిక్ బజారు పంపు వేశాడట, అది ఏడాది కూడా నిలవలేదట. నాకు ఇంతకంటే ఏం కావాలి? ట్రైనింగులో బట్టీ పట్టించిన ఉపన్యాసం మొత్తం అప్పజెప్పాను. కంపెనీ పార్టు, పెట్టె మీద మెరిసే హోలోగ్రామ్, వారంటీ, మనశ్శాంతి. ఓబులేసు శ్రద్ధగా విని, ఎప్పుడు వేస్తారని అడిగాడు. పది రోజులన్నాను. అంత పాత మోడలుకు పార్టులు మా స్టాకులో ఉండవు, డిపో నుంచి రావాలి. ఆ పది రోజులూ టీచర్లు అతని బామ్మర్ది ఆటోలో వెళ్లారు. లెక్కల సారు డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చున్నారని విన్నాను.

పంపు వచ్చింది, వేశాం, పంపించాం. నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆరు నెలలకు అదే కారు తాడు కట్టించుకుని వచ్చింది. కంపెనీ పంపు కూడా కారిపోయింది. ఈసారి వెంట మస్తాను కూడా దిగాడు. మనిషికి యాభై ఉంటాయి. ముఖంలో గెలిచిన పార్టీ ఊరేగింపు కళ. టీచర్లు ఓబులేసుకు గడువు పెట్టేశారు: సోమవారం పొద్దున కారు రాకపోతే వేరే బండి మాట్లాడుకుంటారు. ఆ రోజు శుక్రవారం.

వారంటీ ఉంది కదా అంటారేమో. ఉంది. పాత పంపు విప్పి, జబ్బు రాసి కంపెనీకి పంపాలి. వాళ్లు చూడాలి, ఒప్పుకోవాలి, ఆ తర్వాత కొత్తది డిపో నుంచి బయలుదేరాలి. సోమవారం అనే పదం ఆ పద్ధతిలో ఎక్కడా లేదు.

పార్ట్స్ మేనేజరు కౌంటరు దగ్గర నిలబడి, బయటి మెకానిక్‌లు చెయ్యి పెట్టిన బండికి తమ పూచీ లేదన్నాడు. మస్తాను సంచిలోంచి ఒక కొత్త బజారు పంపు తీసి, విప్పి కౌంటరు మీద పెట్టిన మా పంపు పక్కన పెట్టాడు. రెండూ ఒకే అచ్చులో పోసినవి. బజారు దాని మీద తయారీదారు పేరు ఉంది. మా దాని మీద అదే చోట ఎవరో గీకేసిన మచ్చ ఉంది. ఈ వృత్తిలో ఇది రహస్యమేమీ కాదు. పంపులు తయారుచేసేవాడు ఒకడే, కంపెనీ పెట్టెలోకి వెళ్లేదాని మీద వాడి పేరు ఉండకూడదు, అంతే. అన్నీ అలా ఒకే చోటివి కావు, ఇవి మాత్రం కవలలు.

"ఏమప్పా, పెట్టె మారితే బిడ్డ మారతాదా?" అన్నాడు మస్తాను.

పార్ట్స్ మేనేజరుకు అప్పుడే స్టోరులో ఏదో పని గుర్తొచ్చింది.

ఓబులేసు అటు చూడలేదు. నా వైపు చూశాడు. "సారూ, ఆ మాటలన్నీ ఇడ్సిపెట్టు. నీ బండయితే ఏది ఏపిస్తావు? సోమవారం పోతే నాకు బాడుగ ల్యా."

టై కట్టుకున్నవాణ్ణి ఇలాంటి ప్రశ్న అడగకూడదు. పని ఉన్నట్టు కనిపించడానికి మా పంపు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. లోపల నీళ్లు తోసే రెక్కలు ఎలుకలు కొరికినట్టున్నాయి. చుట్టూ తెల్లటి పెచ్చు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్ల బాన అడుగులో కట్టినట్టు. రేడియేటరులో ఏ నీళ్లు పోస్తావని అడిగాను.

"యా నీళ్లేంది సారూ, మా బోరు నీళ్లే. మేం తాగేదీ అవే. మాకేం కాల్యా."

మస్తాను అడక్కుండానే సాక్ష్యం చెప్పాడు. "నేనూ అవే పోస్తాండా. నీళ్లకు గూడా కంపెనీ, బజారు అని ఉంటాయా ఏంది?"

ఉంటాయి. పచ్చగానో ఎర్రగానో ఉంటుంది, కూలెంట్ అంటారు. బోరు నీళ్లలోని సున్నం, పంపులోంచి నీళ్లు కారకుండా ఆపే సీలును గీకేస్తుంది, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. కూలెంట్ ఆ పని జరగనివ్వదు. ఇదంతా గంభీరంగా చెప్పి, ఆళ్లగడ్డ అజ్ఞానం మీద జాలిపడుతుండగా నాకో అనుమానం వచ్చింది. లోపలికి వెళ్లి, ఆరు నెలల కింద ఈ కారు పని చేసిన మా టెక్నీషియన్‌ను అడిగాను. అతను దాచలేదు. కూలెంట్ కావాలంటే పార్ట్స్ మేనేజరు సంతకంతో చీటీ కావాలి, ఆయన భోజనానికి వెళ్లాడు, కార్లు కడిగే పైపు పక్కనే ఉంది. అదీ బోరే. నంద్యాల బోరు కాబట్టి దాన్ని జిల్లా కేంద్రం స్థాయి నీళ్లనుకోవాలి.

బయటికొచ్చి ఓబులేసుకు ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు పంపులది కాదు, నీళ్లది. అందులోనూ మీ నీళ్లదొక్కటే కాదు, కంపెనీ పంపు వేసినప్పుడు మొదట పోసింది మా నీళ్లే. నా బండయితే సోమవారానికి ఏది దొరికితే అది వేయించి, లోపలంతా కడిగించి, కూలెంట్ పోయిస్తాను. మా వర్క్‌షాపులో బయటి పార్టు వేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకని కారు మళ్లీ తాడు కట్టించుకుని ఆళ్లగడ్డకే వెళ్లింది. మస్తాను శని, ఆదివారాలు రెండూ ఆ రేడియేటరుతోనే గడిపాడు.

వారంటీ ఫారంలో కారణం గడిలో నేను రెండు వాక్యాలు రాశాను: కూలెంట్ బదులు బోరు నీళ్లు వాడారు. మొదటిసారి మా వర్క్‌షాపులోనే పోశారు. రెండో వాక్యం కొట్టేయమని వర్క్స్ మేనేజరు చెప్పాడు. కొట్టేయమన్నట్టు రాసివ్వండి సార్ అన్నాను. ఆయన రాయలేదు, నేను కొట్టలేదు. కంపెనీ క్లెయిము తిరస్కరించింది, నాకు మెమో వచ్చింది. అందుకే ఉద్యోగం మానేశానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, మానేసింది ఇంకో రెండేళ్లకు, జీతం చాలక.

సోమవారం తొమ్మిదికి పది నిమిషాల ముందే నలుగురు టీచర్లూ బడి ముందు దిగారు. సర్వరు పనిచేయక పదిన్నర దాకా ఎవరి ముఖమూ పడలేదట. బాడుగ మాత్రం నిలిచింది. మూడో పంపు, అంటే మస్తాను సంచిలోని బజారు పంపు, ఇంకా తిరుగుతోంది.

పాత కారుకు కంపెనీ పార్టా, బయటి పార్టా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. బ్రేకులకు, స్టీరింగుకు కంపెనీది లేదా కంపెనీకి తయారుచేసి ఇచ్చేవాడిది వేయించండి. బల్బులకు, వైపర్లకు, అద్దాలకు బజారు చాలు. ఏది వేసినా అది ఎందుకు పోయిందో ముందు చూడండి, లేకపోతే కొత్తది కూడా అందుకే పోతుంది.

కూలెంట్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ ఒక వంతు. రేడియేటరు మూత ఇంజను చల్లారాకే తీయాలి.