నేను చూడని రాతిపురుగు

ఆ రోజు మాకు జీవశాస్త్రం చెప్పే లెక్చరరు ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి, దూదిలోంచి ఒక నల్లరాయి తీసి, మొదటి బెంచీలో ఉన్నవాడి చేతిలో పెట్టారు. బొటనవేలంత రాయి. దాని మీద ఒక పురుగు అచ్చు. నడుమ వెన్నెముక లాంటి గట్టు, దానికి అటూ ఇటూ పక్కటెముకల్లా గీతలు, ముందు గుర్రపు నాడాలాంటి తల.

"దీని పేరు ట్రైలోబైటు. మనిషి పుట్టక ముందు, కోట్ల ఏళ్ళ కిందట, సముద్రం అడుగున పాకిన జీవి. చచ్చి బురదలో కూరుకుపోయింది. ఆ బురదే రాయైంది" అన్నారాయన.

రాయి చేతులు మారుతూ చివరి బెంచీలో ఉన్న నా దగ్గరికి వచ్చింది. అప్పుడాయన ఊరికే, నవ్వుతూ అడిగారు. "ఇలాంటిది మీలో ఎవరైనా చూశారా?"

"చూసినాను సార్, మా దిక్కు" అన్నాను నేను.

చూడలేదు. ఎమ్మిగనూరులో మగ్గం గుంట పక్కన చాప వేసుకుని చదివి కాలేజీ దాకా వచ్చినవాణ్ణి. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా క్లాసులో నోరు విప్పింది లేదు. ఆ మాటతో క్లాసంతా తిరిగి నన్ను చూసింది. "ఎక్కడ?" అని ఆయన అడిగితే, మా నాయన చీరలు అమ్ముకోడానికి పోయే ఊళ్ళలో ఏటి ఒడ్డున ఉన్నది ఒకటి గుర్తొచ్చింది. "మాధవరం దగ్గర సార్. తుంగభద్ర ఒడ్డున."

ఆయన నా దగ్గరికి వచ్చి రాయిని తీసుకున్నారు. "మీ వైపు రాళ్ళు చాలా పాతవి. వాటిల్లో ఇవి ఉండవంటారు. నువ్వు చూసింది నిజమైతే పుస్తకాలు మార్చి రాయాలి" అన్నారు.

ఆ చివరి మాట నా గదిలో ఉండే స్నేహితుడికి పట్టుకుంది. అతనిది ఆదోని. ఆదోని బళ్ళారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్త రోజులవి. వాళ్ళ నాన్న పత్తి మిల్లులో గుమాస్తా. ఇతనికి మాత్రం రైల్వే గార్డు కావాలని కోరిక. దరఖాస్తు పెట్టి, పిలుపు కోసం ఎదురు చూస్తున్నాడు.

"పుస్తకాలు మార్చాల్నంట్రా! ఎండాకాలం సెలవుల్లో పోయి తవ్వుదాం. అప్పుడు ఏట్లో నీళ్ళుండవు" అన్నాడు ఆ సాయంత్రమే. పత్తికొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మరో మిత్రుణ్ణి కూడా పిలిచాడు. వాళ్ళు కిరస్తానీలు. ఇంటిల్లిపాదీ కూలికి బావులు తవ్వేవాళ్ళు. మా ముగ్గురిలో గడ్డపార పట్టడం తెలిసినవాడు అతనొక్కడే.

అప్పుడే నిజం చెప్పేసి ఉంటే ఇద్దరూ నవ్వి వదిలేసేవాళ్ళు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను. ఈలోగా ఆదోని స్నేహితుడు రోజూ అడిగేవాడు. ఎంత పొడుగుండాది? వేలెడంత. తల కనపడిందా? సగమే. రాయి ఎట్లాంటిది? పొరలు పొరలుగా విడేది. లైబ్రరీలో బొమ్మల పుస్తకం చూసి వచ్చి మరీ జవాబులు చెప్పేవాణ్ణి. మేం తవ్వబోతున్నామని విని లెక్చరరు తన సుత్తినీ భూతద్దాన్నీ ఇచ్చిన రోజున కూడా చెప్పకుండా, వాటిని పెట్టెలో దాచుకున్నాను.

మే నెలలో ఇద్దరూ ఎమ్మిగనూరుకు వచ్చారు, పత్తికొండ మిత్రుడు ఇంటి నుంచి గడ్డపారా ఉలీ తెచ్చుకుని. మా అమ్మ జొన్నరొట్టెలూ శెనక్కాయల పొడీ మూట కట్టి ఇచ్చింది. కొంత దూరం బస్సు, ఆ తరువాత నడక. పొద్దు వాలేసరికి మాధవరం చేరి, మా నాయన స్నేహితుడి ఇంట్లో దిగాం. ఆయనా నేతపనివాడే. నేను మామా అని పిలిచాను. మామ మాకు అన్నం పెట్టించి, ఎదురుగా కూర్చుని సంతోషంగా మాట్లాడుతూ అన్నాడు.

"మీ నాయన యాడాదికి రెండు తూర్లు వస్తాంటాడు. నిన్ను సూడ్డం మాత్రం ఇదే మొదలప్పా."

పత్తికొండ మిత్రుడు తినడం ఆపి నా వైపు చూశాడు.

"సిన్నప్పుడు ఒకసారి వచ్చినా మామా. మీరు ఊర్లో లేరు" అన్నాను.

"అట్లనా? యాడికి పోయింటానో!" అని ఆయన పాపం నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు పొద్దున్నే ఏటి ఒడ్డుకు పోయాం. ఇద్దరూ నా వెనక నడుస్తున్నారు. ఎక్కడ చూసినా ఏనుగుల్లాంటి గుండ్రాళ్ళే. పొరలుగా విడే రాయి కనబడకపోతే ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ నడిచాను. వరదకు కొట్టుకుపోయిందనాలా, ఇసుక మేటేసిందనాలా? చివరికి ఒక మలుపులో, ఒడ్డు కోసుకుపోయిన చోట, నల్లగా పలకలు పలకలుగా ఉన్న బండ ఒకటి కనబడింది. "ఇదే" అన్నాను. ఆదోని స్నేహితుడు చేతిలోని మూట కింద పడేసి ఆ బండను రెండు చేతులతో తడిమాడు.

ఆ రోజంతా కొట్టాం. ఉలి పెట్టడం, సుత్తితో కొట్టడం, పొర విడితే భూతద్దం పెట్టి చూడడం. ఎండకు బండ చెయ్యి కాలుస్తోంది. ఇసుకలో చెలమ తీసుకుని ఆ నీళ్ళే తాగాం. పొర విడిన ప్రతిసారీ ఆదోని స్నేహితుడు ఆశగా వంగి చూసేవాడు. ఏమీ లేకపోతే అతని ముఖం చూడలేను. ఉంటే బాగుండునని నేనే మొక్కుకోవడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం పత్తికొండ మిత్రుడు గడ్డపార పక్కన పెట్టి ఒక ముక్క అందుకున్నాడు. "మా నాయనతో సిన్నప్పటి నుంచి రాళ్ళు పగలగొడ్తాండాను. ఇది నిప్పుల్లో కాలిన రాయి మాదిరుండాది. దీంట్లో బురద యాడిదిరా?" అన్నాడు. నేను వినబడనట్టు ఉలి సర్దుకున్నాను.

సాయంత్రానికి ఒడ్డు మీద నలుగురైదుగురు చేరారు. "ఏం తవ్వుతాండారప్పా? లంకెబిందెలా?" అని అడిగారు. ఆదోని స్నేహితుడు సముద్రం సంగతీ పురుగు సంగతీ అంతా వివరించి చెప్పాడు. "పురుగు కోసరం ఆదోని నుంచి వచ్చినారంట!" అని ఒకాయన నవ్వాడు. మిగిలినవాళ్ళు నవ్వలేదు. మేం ఇల్లు చేరేసరికి ఊరిపెద్ద మామను పిలిపించి మాట్లాడాడు. మామ ముఖం వాడిపోయి ఉంది.

"మీరు నిధి తవ్వుతాండారని ఊరంతా అనుకుంటాండారు నాయనా. నేను సెప్పినా ఇనలేదు. రేపు మధ్యాన్నం దాకా తవ్వుకోమన్నాడు. అంతే. మళ్ళా ఏటికాడ కనబడితే పోలీసులకు సెప్తాడంట."

మా నాయనకు ఈ ఊళ్ళో వ్యాపారం. నా మాట వల్ల మామకు తలవంపులు. పడుకోబోతూ నిశ్చయించుకున్నాను, పొద్దున లేవగానే చెప్పేయాలని.

పొద్దున చెలమ దగ్గర ముఖాలు కడుక్కుంటున్నప్పుడు మొదలుపెట్టాను కూడా. "ఒరే, నీకొక మాట సెప్పల్ల." కానీ అప్పటికే ఆదోని స్నేహితుడు ముందు రోజు తీసిన పలకను తడిపి పట్టుకొచ్చాడు. తడికి దాని మీద నాలుగైదు గీతలు తేలాయి.

"సూడ్రా! పక్కటెముకలు! తల ఈ పక్క లోపలుండాది. నువ్వు సూసింది ఇట్లనే ఉండిందా?"

అవి వట్టి గీతలు. పుస్తకంలో బొమ్మ నాకు కంఠతా వచ్చు కాబట్టి ఆ సంగతి వెంటనే తెలిసింది. అతని కళ్ళు మెరుస్తున్నాయి.

"అయ్యుండొచ్చు" అన్నాను.

మధ్యాహ్నం దాకే గడువు. ఆ పలక ఏ చోటి నుంచి వచ్చిందో అక్కడే అతను హడావిడిగా కొట్టడం మొదలుపెట్టాడు. నేను ఉలి పట్టుకున్నాను. పత్తికొండ మిత్రుడు "మెల్లగా కొట్టు, మొహం దూరం పెట్టు" అంటూనే ఉన్నాడు. పది దెబ్బలైనా పడ్డాయో లేదో, ఆదోని స్నేహితుడు "అమ్మా" అని సుత్తి వదిలేసి ఎడమకన్ను పట్టుకుని కూలబడ్డాడు.

వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, కొంచెం ఎర్రగా. పత్తికొండ మిత్రుడు ఒక్క దూకు దూకి అతని రెండు చేతులూ పట్టేశాడు. "నలపొద్దు! నలిపితే లోపలికి దిగుతాది!" ఉలి ఇంకా నా చేతిలోనే ఉంది.

బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "తల్లిపాలు పిండితే నలుసు జారతాది" అంది ఒక ముసలమ్మ. చంటిబిడ్డ తల్లి ఒకామె అటు తిరిగి, దోసిట్లో పాలు పిండి ఇచ్చింది. ముసలమ్మ అతని తలను ఒళ్ళో పెట్టుకుని కంట్లో చుక్కలు వేసింది. అతను ఓర్చుకున్నాడు. నలుసు జారలేదు. "ఏమీ కనపడ్డం లేదు. అంతా మంచు మాదిరుండాది" అన్నాడు. నిన్న నవ్విన ఆయనే ఈ రోజు తన ఎడ్లబండి కట్టుకొచ్చాడు.

బండిలో రైల్వే స్టేషను దాకా పోయాం. తడిగుడ్డ కట్టిన కన్నుతో అతను నా భుజం మీద తల ఆనించి కూర్చున్నాడు. ప్రతి గుంత దగ్గరా అతని వేళ్ళు నా చేతిని పట్టి పిండాయి. రైలు రాకపోతే ఎట్లా, ఆసుపత్రి మూసేస్తే ఎట్లా అనుకుంటూ స్టేషనులో గంటన్నర కూర్చున్నాం. పాసింజరు వచ్చి, మేం ఎక్కాక, గార్డు ఈల వేశాడు. ఆ ఈల విని అతను మెల్లగా అడిగాడు. "గార్డుకు రెండు కండ్లూ బాగుండల్ల గదరా?"

ఆదోని ఆసుపత్రిలో డాక్టరు గుడ్డ విప్పుతూనే అడిగిన మొదటి మాట, "పడింది రాయా, ఇనుమా?"

తెలియదన్నాం.

"ఇనుమైతే లోపల తుప్పు పడుతుంది. నేను తియ్యలేను. మద్రాసు పోవాలి. మీ పనిముట్లు తెచ్చారా?"

పత్తికొండ మిత్రుడు సంచిలోంచి ఉలీ సుత్తీ తీశాడు. ఉలి తల దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుని, అంచుల్లో నాలుగు చోట్ల పెచ్చులూడి ఉంది. అవి పాతవో, పొద్దున ఊడినవో ఎవరు చెప్పగలరు? డాక్టరు ఆదోని స్నేహితుణ్ణి లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు.

ఈలోగా కబురంది వాళ్ళ నాన్న మిల్లు నుంచి వచ్చాడు. తల మీదా చొక్కా మీదా పత్తి నూగు. ఏమైందో విన్నాడు. తిట్టలేదు. "ఇంతకూ ఏమన్నా దొరికిందాప్పా?" అని నన్నే అడిగాడు. లేదన్నట్టు తలూపాను.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "రాయే" అన్నారు డాక్టరు. "తీశాను. కన్ను పోదు. నల్లగుడ్డు మీద గాటు పడింది. పువ్వు పడొచ్చు. చూపు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను."

వాళ్ళ నాన్న లోపలికి పోయాడు. వరండాలో పత్తికొండ మిత్రుడితో చెప్పేశాను. మాధవరం రావడం నాకూ అదే మొదలని, ఆ పురుగును పుస్తకంలో తప్ప ఎక్కడా చూడలేదని. అతను చేతిలోని ఉలిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ మామ అన్నం కాడ సెప్పినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అడుగుదామనుకున్న్యా. నువ్వు సిన్నబోతావని అడగలేదు" అన్నాడు. తరువాత లేచి, ఉలీ సుత్తీ నా పక్కన పెట్టి, బస్టాండుకు వెళ్ళిపోయాడు. కాలేజీ తెరిచాక నాతో మాట్లాడలేదు. నేను పలకరించినా తల వంచుకుని పోయేవాడు.

పదిరోజులకు కట్టు విప్పారు. నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లమచ్చ. ఆ కంటితో మనిషి ఆనుతాడు గానీ ముఖం తెలియదు. నేను ఆదోనిలో వాళ్ళింటికి పోయి, మంచం పక్కన కూర్చుని, ఒక్క మాటా దాచకుండా చెప్పాను. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"లేదు" అన్నాడు అతను. "నువ్వు సూసినావు. నాకు ఇట్లయిందని భయపడి ఇప్పుడు కాదంటాండావు."

"దేవుని తోడు, సూడలేదురా."

"సిన్నప్పుడు పోయినా, మామ ఊర్లో లేడని నువ్వే గదా సెప్తివి? పొరలు పొరలుగా ఉంటాదన్నావు, ఆడ అట్లనే ఉండ్లా? నువ్వు సూడకుంటే ఎట్ల తెలుస్తాది?"

నేను కల్పించిన ప్రతి వివరమూ నాకే ఎదురు తిప్పాడు. వాదించి వాదించి అలిసిపోయాను.

సుత్తీ భూతద్దం తిరిగి ఇచ్చేటప్పుడు లెక్చరరు గారికీ చెప్పాను. ఆయన అంతా విని, "సుత్తి అక్కడ పెట్టు" అన్నారు.

ఆదోని స్నేహితుడికి రైల్వే పిలుపు రానే వచ్చింది. కళ్ళ పరీక్షలో తప్పించారు. అతను వాళ్ళ నాన్న పనిచేసే మిల్లులోనే చేరాడు. ఆ మరుసటి మే నెలలో నాకు ఎమ్మిగనూరుకు కార్డు రాశాడు. మాధవరం ఊరిపెద్దను తానే కలిసి మాట్లాడానని, తవ్వుకోవచ్చన్నాడని, ఆదివారం రమ్మని. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఒక్కడే పోయి మిగిలిన కంటి మీదికి తెచ్చుకుంటాడేమోనని భయం.

నాలుగు ఎండాకాలాలు పోయాం. కంటికి రక్షణగా కొనుక్కున్న సాదా కళ్ళద్దాలు పెట్టుకుని అతను మెల్లగా కొట్టేవాడు. నేను ఉలి పట్టేవాణ్ణి. ప్రతి దెబ్బకూ నాకు కళ్ళు మూసుకుపోయేవి. ఏటా ఒకసారైనా "ఈడ ఏమీ లేదురా" అని చెప్పేవాణ్ణి. అతను విడిన పొరను తడిపి, కుడికంటి దగ్గర పెట్టుకుని చూసి, పక్కన పెట్టి, "ఇంగో పొర తీద్దాం, పట్టు" అనేవాడు. ఐదో ఏడు అతనికి పెళ్ళైంది. ఆ ఎండాకాలం కార్డు రాలేదు. రాలేదని తేలికపడ్డాను గానీ, జూన్ వానలు పడేదాకా పోస్టు జవాను మా వీధిలోకి వచ్చినప్పుడల్లా గడపలోకి వచ్చి నిలబడేవాణ్ణి.