శ్రీశైలం ఘాట్ వీడియోలో కనిపించని ఐదో బండి

వారం రోజులుగా నా ఫోన్ మోగుతూనే ఉంది. మేం శ్రీశైలం రోడ్డు మీద బండ్లేసుకుని పోయిన వీడియోను ఎవరో చూసి ఇంకొకరికి పంపడం, వాళ్ళు నాకు ఫోన్ చేసి "అన్నా, ఎట్ల పోయిన్రు, ఎన్నింటికి బయల్దేరాలె, ఎంత ఖర్చైతది?" అని అడగడం. వీడియో బాగుంది, కాదనను. వానలు వెలిసి అడవంతా పచ్చగా ఉంది, మూడు బండ్లు ఒకదాని వెనక ఒకటి మలుపు తిరుగుతుంటాయి, చివర నాలుగోది వచ్చి కలుస్తుంది, వెనక ఏదో పాట. కింద 'ప్రాణ స్నేహితులం' అని రాశారు. ఆ మాట చూసినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఎందుకంటే ఆ రోజు బయల్దేరింది నాలుగు బండ్లు కాదు, ఐదు. సరే, దారి అడిగారు కాబట్టి దారి చెప్తాను. ఐదో బండి సంగతి కూడా వినాల్సిందే మరి.

ఆ ఐదో బండి యాదగిరిది. వాడూ నేనూ మీర్‌పేట్‌లో ఒకే గల్లీలో ఉంటాం. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో పనిచేస్తాను. వాడు ఇంటింటికీ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు బాగుచేసేవాడు. రెండేళ్ళ కింద హయత్‌నగర్ దగ్గర ఆగి ఉన్న కారులోంచి ఒకాయన వెనక్కి చూడకుండా డోర్ తెరిచాడు. యాదగిరి ఎడమ కాలు బండి కింద పడి విరిగింది. రాడ్డు వేశారు. దవాఖాన నుంచి వచ్చాక బావమరిది కొట్లో గల్లా దగ్గర కూర్చోబెట్టారు. ఎప్పుడూ నలుగురిని నవ్వించేవాడు, ఆ కుర్చీలో పడ్డాక మాట్లాడటమే తగ్గించాడు. చివరికి బండి అమ్మేద్దామని తీర్మానించాడు. కొనేవాడు సోమవారం వస్తానన్నాడు. ఆ ముందు ఆదివారమే మా ప్రయాణం.

వాడి భార్య స్వరూప మా ఇంటికి వచ్చింది. "అన్నా, ఒక్కసారి గా ఘాట్ రోడ్డు మీద నడిపొస్తే ఆయనకు ధైర్యం ఒస్తది. మళ్ళ పనికి పోతడు. లేకుంటే సోమవారం బండి పోతది, ఇగ మనిషి కూడా గంతే. కాని ఒక్కన్ని మాత్రం విడిచిపెట్టకున్రి" అంది. నేను మాటిచ్చాను. ఆదివారం ప్రార్థన ఎగ్గొడుతున్నందుకు మా ఇంట్లో పడ్డ అక్షింతలు వేరే సంగతి.

పొద్దున అయిదింటికి ఎల్బీనగర్ చౌరస్తా అనుకున్నాం. నేనూ యాదగిరీ అయిదింటికే ఉన్నాం. మా దండు నాయకుడు ప్రవీణ్ ఆరు కావస్తుంటే వచ్చాడు. బడంగ్‌పేట్ వైపు ప్లాట్లు అమ్మిస్తుంటాడు, కొత్తగా పెద్ద బండి కొన్నాడు, హెల్మెట్ మీద కెమెరా. వాడి వెనకే ఇంకో బండి మీద వాడి ఆఫీసు కుర్రాడు నాగేశ్. చివరగా కిశోర్ గారు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్తారు, విజయవాడ మనిషి. గుంపుగా బండ్ల మీద పోయేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. దారి తెలిసినవాడు ముందు, అందరికంటే మెల్లగా నడిపేవాడు వాడి వెనకే, గట్టివాడు చిట్టచివర. చివరి బండి ఎవరినీ దాటకూడదు. ముందువాడు ఆగితే తానూ ఆగాలి. ఈ పద్ధతంతా ప్రవీణే వేలు ఊపుతూ చెప్పాడు. చివరి బండి కిశోర్ గారిదని వాడే తేల్చాడు. "నేనున్నాను కదండీ, యాదగిరి గారి గురించి మీరు బెంగ పెట్టుకోకండి" అన్నారాయన.

మీర్‌పేట్, బడంగ్‌పేట్ మీదుగా తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డెక్కండి. సిటీలోకి పోయి చుట్టు తిరగాల్సిన పనిలేదు. కడ్తాల్ దాటి ఆమన్‌గల్‌లో టిఫిన్ చేశాం. ప్లేటు ఇడ్లీ, వడ యాభై అరవైలో అయిపోతుంది, పల్లీ చట్నీ బాగుంటుంది. అక్కడి నుంచి కల్వకుర్తి పక్కగా డిండి, హాజీపూర్. పెట్రోలు హాజీపూర్ దాటేలోపే నింపుకోండి. నూట యాభై సీసీ బండికి రానూపోనూ వెయ్యి రూపాయల పైచిలుకు పడుతుంది. ఆగకుండా నడిపితే మూడు గంటల్లో మన్ననూరు. అక్కడ అటవీ శాఖ గేటు ఉంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, వెనక్కి వచ్చేటప్పుడు అది గుర్తుంచుకోండి.

మన్ననూరులో చాయ్‌కి ఆగాం. యాదగిరి మాత్రం బండి దిగలేదు. "నాకు గిట్లనే ఇయ్యిరా" అని కూర్చున్నచోటే గ్లాసు అందుకున్నాడు. "యాదన్న హీరో లెక్క కూసున్నడు" అని ప్రవీణ్ నవ్వాడు, మేమూ నవ్వాం. అంతసేపు చలిగాలిలో మడిచి ఉంచిన కాలు బిగుసుకుపోయిందనీ, దిగితే మళ్ళీ ఎక్కలేనేమోనని వాడు భయపడుతున్నాడనీ ఒక్కడికైనా తట్టలేదు.

అక్కడే ప్రవీణ్ పద్ధతి మార్చాడు. ముందుండే ఘాట్‌లో వీడియో తీయాలట. యాదగిరి ముప్పైలో పోతుంటే తన బండి వీడియోలో నత్తలాగా కనిపిస్తుందట. "డేవిడన్నా, నువ్వు, నాగేశ్ నా ఎనక రాన్రి. యాదన్న నిమ్మలంగ ఒస్తడు, ఎనక కిశోర్ సార్ ఉంటడు. వటవర్లపల్లిల కలుస్తం." నేను ఒప్పుకోలేదు. యాదగిరే చెయ్యి ఊపాడు: "పోరాదురా, నేనేం చిన్న పోరన్నా?" కిశోర్ గారు మళ్ళీ ఛాతీ మీద చెయ్యి వేసుకుని "నేనున్నానండీ" అన్నారు. సరేనన్నాను.

మన్ననూరు దాటగానే రోడ్డు కొండెక్కుతుంది. రెండు పక్కలా చెట్లు కమ్ముకుని ఉంటాయి. ఎండ ఆకుల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా రోడ్డు మీద పడుతుంది. మెల్లగా పోతే నెమళ్ళు కనిపిస్తాయి. మేం మెల్లగా పోతేనా! ప్రవీణ్ ఎగురుకుంటూ పోయాడు. దారిలో ఒక కారువాళ్ళు ఆగి కోతులకు చిప్స్ వేస్తున్నారు. ఆ కోతులు రోడ్డు మీదికి రావడానికి అలవాటుపడి బండ్ల కింద పడి చస్తాయని చెప్పబోతే నన్నే వింతగా చూశారు. దయచేసి ఆ పని చేయకండి. దండం పెడతాను.

వటవర్లపల్లి చాయ్ కొట్టు దగ్గర ఆగాం. కాసేపటికి ప్రవీణ్ కెమెరా ముందుకు ఒక బండి వచ్చింది. కిశోర్ గారు. ఒక్కరే.

"యాదగిరి ఏడి?"

"వస్తున్నారండీ. నా వెనకాల ఎవడో హారన్ కొడుతున్నాడు, ఆయన పక్కకు జరిగి నన్ను వెళ్ళిపొమ్మన్నారు. ఆయనే వెళ్ళమన్నాక నేనేం చేయనండీ?"

"పొమ్మంటే పోయేదాన్ని చివరి బండి అంటరా సార్?"

ప్రవీణ్ మధ్యలో దూరాడు. "ఎందుకన్నా గంత పరేషాన్ అయితవు? లైవ్ లొకేషన్ పెట్టుకున్నం కద. గిదో చూడు, యాదన్న మన్ననూర్లనే ఉన్నడు, హోటల్ కాడ. ఇంకో చాయ్ కొట్టి ఒస్తడు" అని ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

చూశాను. ఒళ్ళు మండిపోయింది. "గా యాదగిరి బొమ్మ పక్కన ఎవరి బొమ్మ ఉంది?"

"నీదే."

"నేను కూడా మన్ననూర్లనే ఉన్నన్నమాట. మరి నీ ముందట నిలబడి మాట్లాడుతున్నదెవరు, నా దయ్యమా? అడవిల సిగ్నల్ లేదురా! మన్ననూర్ల ఆగిపోయిన బొమ్మలు ఇవి!"

వాడు ఫోన్‌ను అటూ ఇటూ ఊపాడు. ఊపితే సిగ్నల్ రాలుతుందేమో మరి. నేను ఇంక ఆగలేదు, బండి తిప్పాను. ప్రతి మలుపులో పక్క గుంతల్లోకి చూస్తూ పోయాను. స్వరూప మొహమే కళ్ళ ముందు ఆడింది.

ఒక ఎత్తు మలుపులో కనిపించాడు. బండి మీదే ఉన్నాడు. బండి ఆగిపోయి ఉంది. కుడి కాలు నేల మీద తన్ని పెట్టి, కుడి చేత్తో ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, బండి మొత్తం బరువును ఒక్క కాలి మీద మోస్తున్నాడు. ఆ కాలు గజగజా వణుకుతోంది. హెల్మెట్ లోపల మొహమంతా చెమట.

"ఏమైందిరా?"

"ఎడమ కాలు కదులుతలేదురా. గేరు మార్చరాక బండి ఆగిపోయింది. స్టాండ్ అటే ఉంది. దిగొస్తలేదు."

విషయం అర్థమైందా? సైడ్ స్టాండ్ ఎడమ పక్కన ఉంటుంది. దాన్ని దించాలంటే ఎడమ కాలు కావాలి. బిగుసుకున్న కాలు లేవదు. బ్రేకు వదిలితే బండి వెనక్కి జారుతుంది, ఎడమకు ఒరిగితే అదే కాలి మీద మళ్ళీ అదే బండి పడుతుంది. అరగంటకు పైగా అట్లాగే ఉన్నాడు. నేను దిగి నా కాలితో వాడి స్టాండ్ దించాను. వాణ్ణి పట్టుకుని కిందికి దించి రాయి మీద కూర్చోబెట్టి కాలు రుద్దాను.

"ఎవరూ ఆగలేదారా?"

"చెయ్యెత్తిన. కారుల పిల్లలు టాటా చెప్పిన్రు." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "ఒక బస్సాయన ఆపి ఏమైందన్నా అని అడిగిండు. ఏం లేదన్న. ఏమని చెప్పాలెరా? నా బండి నేనే దిగొస్తలేదు, జర దించున్రి అని చెప్పాలెనా?" తల దించుకున్నాడు. "రేపు అమ్మేస్తరా. ఇగ నాతోని కాదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ఎక్కువ కోపమొచ్చింది. రోడ్డు మీదే నిలబడి అరిచాను: "నీ కాలు బాగలేక కాదురా గిట్లయింది! ఎనక ఉంటనన్నోడు ఉండక గిట్లయింది! కాలుకు రెండు నిమిషాలు పట్టింది, గంతే. బండి అమ్ముతనంటే నేనే నిన్ను తంత." వాడు నీళ్ళు తాగాడు. కాలు నాలుగుసార్లు ముడిచి చాపాడు. చివరికి లేచి బండెక్కాడు. నేను వెనక పట్టుకుని స్టాండ్ ఎత్తాను.

ఇద్దరం వటవర్లపల్లి చేరేసరికి ప్రవీణ్ కెమెరాలో వీడియో చూసుకుంటున్నాడు. సంగతంతా చెప్పాను. అంతా విని వాడన్న మాట ఇది: "కాలు గట్లున్నప్పుడు యాదన్న రాకపోయేదుండె." అదీ యాదగిరి ఎదురుగానే. నా చెయ్యి లేచింది, నిజం చెప్తున్నాను. లేచిన చేతిని యాదగిరి పట్టుకున్నాడు.

"ప్రవీణూ," అన్నాడు, గొంతు పెంచకుండా. "ఒచ్చిన కద. ఇగ డ్యామ్ దాక నా బండి ముందల పోతది. నేను ముప్పైల పోతే అందరు ముప్పైల రావాలె. ఎవడన్న హారన్ కొట్టిండో, దిగొస్త. ఇప్పుడు దిగుడు ఒస్తది నాకు."

దోమలపెంట, ఈగలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపులన్నీ ఆ లెక్కనే పోయాం. ముందు యాదగిరి నూట ఇరవై అయిదు సీసీ బండి, దాని వెనక నేను, నాగేశ్, ఆ వెనక ప్రవీణ్ పెద్ద బండి సెకండ్ గేర్‌లో గుర్రు గుర్రుమంటూ. చిట్టచివర కిశోర్ గారు. ఆయన తలెత్తి ఎవరినీ చూడలేదు, కానీ తిరిగి ఇల్లు చేరేదాకా ఆ చోటు వదల్లేదు. డ్యామ్ దగ్గర అందరూ రైలింగ్ పట్టుకుని నీళ్ళు చూశారు. గుడికి పోయేవాళ్ళు ఇంకో మూడు గంటలు కలుపుకోండి. మేం చేపల కూరతో అన్నం తిని వెనక్కి తిరిగాం.

ఎల్బీనగర్ దాకా పోకుండా మేమిద్దరం మీర్‌పేట్‌లోనే విడిపోయాం. వాడి ఇంటి గేటు ముందు యాదగిరి బండి ఆపాడు. దిగలేదు. నేను నా బండి నిలిపి వచ్చేలోపే స్వరూప బయటికొచ్చింది. వాడి కాలు వంక చూసింది, నేల వంక చూసింది. ఏమీ అడగకుండా చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టి, తన కాలితో సైడ్ స్టాండ్ దించింది.

"అందరు కలిసే ఒచ్చిన్రా?" అంది తర్వాత.

యాదగిరి నా వైపు చూశాడు. నేను నోరు తెరవబోయాను. "ఒచ్చినం" అన్నాడు వాడే. "రేపు ఒస్తనన్నోనికి ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు."

ఇదీ ఐదో బండి కథ. వాడిప్పుడు దగ్గర గల్లీల్లో పని మొదలుపెట్టాడు. ఎక్కడికి పోయినా ఆ ఇంట్లోవాళ్ళను "అక్కా, జర స్టాండ్ దించవా" అని అడుగుతున్నాడట, ఒక్కరూ కాదనలేదట. అడగడానికి సిగ్గుపడి ఆ మలుపులో అరగంట నిలబడ్డవాడు. నా కోపం మాత్రం తగ్గలేదు. ప్రవీణ్ పెట్టిన వీడియో కింద వందల మంది గుండె బొమ్మలు గుప్పిస్తున్నారు. అందులో నేనున్నాను, ఆ సంగతి తలుచుకుంటే ఇంకా మండుతుంది. సరిగ్గా ఆ పాట నడుస్తున్నప్పుడే వెనక మలుపులో ఒక మనిషి ఒంటికాలి మీద బండిని మోస్తున్నాడు. స్నేహితులతో అడవి చూసి రావడం గొప్ప విషయమే. కానీ ఎంత వేగంగా పోయామో చెప్పుకునేవాళ్ళే తప్ప వెనక ఎవరున్నారో చూసుకునేవాళ్ళు తక్కువైపోయారు.

పోయేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. మన్ననూరు దాటాక ఫోన్‌లో బొమ్మలను నమ్మకండి, అద్దంలో కనిపించే బండిని నమ్మండి. టైర్లలో గాలి చూసుకునే ముందు చివరి బండి ఎవరిదో తేల్చుకోండి. ఎవరు పొమ్మన్నా, ఎవరు హారన్ కొట్టినా ముందుకు రాని మొండివాణ్ణి అక్కడ పెట్టండి. అలాంటివాడు మీ గుంపులో ఒక్కడు కూడా లేకపోతే బస్సెక్కి పొండి. కిటికీ పక్క సీటు దొరికితే అడవి అంతే పచ్చగా కనిపిస్తుంది.